జల్లెడతో తూచిన కిరీటం

2004 నుంచి 2017 దాకా మహిళల ప్రపంచ చదరంగ కిరీటం కోసం నాకౌట్ పద్ధతిలో ఏడు పోటీలు జరిగాయి. వాటిలో ఆరింట చివరి నలుగురిలో ఒక తెలుగమ్మాయి ఉంది. 2004లో ఎలిస్తా, 2008లో నాల్చిక్, 2010లో అంతాక్యా పోటీల్లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి. 2012లో ఖాంతీ మాన్సిస్క్, 2015లో సోచి, 2017లో టెహ్రాన్ పోటీల్లో గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక. మినహాయింపు 2006 నాటి యెకాతెరిన్‌బర్గ్ ఒక్కటే. ఆరుసార్లు సెమీస్ దాకా వెళ్లి ఆరుసార్లూ అక్కడే ఆగిపోయారు. దీన్ని దురదృష్టం అనో, కీలక సమయంలో ఒత్తిడి అనో సరిపెట్టుకోవడం తేలిక. దురదృష్టమే అయితే అన్నిసార్లు సెమీస్‌కు చేర్చింది ఏమిటి? ఒత్తిడే అయితే అంతకుముందు నాలుగేసి రౌండ్లు గట్టెక్కించిన నిబ్బరం ఏమైంది? జవాబు ఆడినవాళ్లలో కంటే ఆడించిన పద్ధతిలో వెతకడం మేలు. నాకౌట్ ఒక జల్లెడ. గట్టివాళ్లను మిగతావాళ్ల నుంచి వేరు చేయడంలో దానికి సాటి లేదు. కాని మిగిలిన ఆ కొద్దిమందిలో ఎవరు ఎక్కువో తేల్చడానికి తక్కెడ కావాలి. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 2000 నుంచి 2018 దాకా మహిళల కిరీటాన్ని చాలావరకు జల్లెడతోనే తూచింది. పురుషుల కిరీటం విషయంలో ఇదే పొరపాటును ఏడెనిమిదేళ్లలో దిద్దుకున్న సంస్థ, ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి దాన్ని రెండింతలకు పైగా సాగదీసింది.

మొదటినుంచీ ఇలా లేదు. మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటిసారి 1927లో లండన్‌లో జరిగింది. పన్నెండు మంది, అందరూ అందరితో ఆడారు. వెరా మెంచిక్ పదకొండు ఆటల్లో పది గెలిచి ఒకటి డ్రా చేసుకుంది. ఆ తర్వాత 1939 దాకా జరిగిన ఆరు పోటీలూ ఆమెవే. 1944 జూన్‌లో లండన్ మీద జర్మన్లు వదిలిన వీ-1 బాంబు పడి తల్లితో, చెల్లెలితో పాటు చనిపోయేదాకా ఆ కిరీటం ఆమె దగ్గరే ఉంది. యుద్ధం ముగిశాక 1949-50 చలికాలంలో మాస్కోలో 16 మందితో మరో పోటీ పెట్టారు. లుద్మిలా రుదెంకో గెలిచింది. అక్కడినుంచి పద్ధతి మారింది. కిరీటం ఉన్నామెతో, అర్హత పోటీలు గెలిచి వచ్చినామె ముఖాముఖి పది పదిహేను ఆటలు ఆడాలి. 1962లో నోనా గప్రిందాష్విలి ఇలాగే ఎలిజవెతా బికోవాను 9–2 తేడాతో మట్టి కరిపించింది. పదకొండు ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. అంత తేడా కనబడ్డాక ఎవరు గొప్ప అని వాదించేవాళ్లు ఉండరు. తక్కెడ చేసే పని అదే.

అయితే ఆ తక్కెడకూ తుప్పు పట్టింది. 1990లలో ఫిడే దగ్గర డబ్బు లేదు. 1993లో అప్పటి ఛాంపియన్ కాస్పరోవ్, అతనితో తలపడాల్సిన షార్ట్ సమాఖ్యను వదిలిపోవడంతో పురుషుల కిరీటమే రెండు ముక్కలైంది. ఆడవాళ్ల మ్యాచ్‌లకు నిధులు పెట్టేవాళ్లు దొరక్క తేదీలు జరుగుతూ వచ్చాయి. 1996లో చైనాకు చెందిన షీ జున్‌ను 8½–4½ తేడాతో ఓడించి కిరీటం గెలిచిన సుసాన్ పోల్గార్‌కు ఆ తర్వాత మళ్లీ దాన్ని బోర్డు ముందు కూర్చుని కాపాడుకునే అవకాశమే రాలేదు. 1999లో ఆమెకు బిడ్డ పుట్టింది. మ్యాచ్ వాయిదా వేయమంది. వేదిక గురించీ, బహుమతి సొమ్ము గురించీ కూడా అభ్యంతరాలు చెప్పింది. ఫిడే వినలేదు, కిరీటం తీసేసింది. అదే ఏడాది షీ జున్, అలీసా గల్యామోవాతో మ్యాచ్ ఆడి మళ్లీ ఛాంపియన్ అయింది. సరిగ్గా ఈ సమయానికి, 1995లో ఫిడే అధ్యక్షుడైన కాల్మికియా నేత కిర్సన్ ఇల్యుమ్జినోవ్ తెచ్చిన కొత్త పద్ధతి చేతికి సిద్ధంగా ఉంది. ఒకే ఊరు, మూడు వారాలు, అందరూ ఒకే గొడుగు కింద. ఓడినవాళ్లు పెట్టె సర్దుకుంటారు. చివరికి మిగిలినవాళ్లు ప్రపంచ ఛాంపియన్. 1997లో గ్రోనింగెన్‌లో పురుషులతో మొదలుపెట్టి, 2000 చివర్లో న్యూఢిల్లీలో మహిళల కిరీటాన్నీ ఈ దారిలోకి మళ్లించారు. ఢిల్లీ ఫైనల్లో షీ జున్ తన దేశానికే చెందిన చిన్ కానింగ్‌ను ఓడించింది.

పద్ధతి చెప్పడానికి సులువు. 64 మంది, ఆరు రౌండ్లు. ఫైనల్ మినహా ప్రతి రౌండులో ఇద్దరూ రెండేసి సుదీర్ఘ ఆటలు ఆడతారు, తెల్లతో ఒకటి, నల్లతో ఒకటి. సమంగా నిలిస్తే మర్నాడు టైబ్రేక్. ముందు వేగంగా ఆడే ర్యాపిడ్, తర్వాత ఇంకా వేగంగా ఆడే బ్లిట్జ్, అప్పటికీ తేలకపోతే ఆర్మగెడాన్ అనే చివరి ఆట. అందులో తెల్ల ఆడేవాళ్లకు గడియారంలో కాస్త ఎక్కువ సమయం ఇస్తారు. దానికి బదులు నల్లకు డ్రా చాలు, గెలిచినట్టే. ఈ చివరి మెట్టు మీద ఎలాంటివి జరుగుతాయో 2008 నాల్చిక్‌లో మొదటి రౌండు చూస్తే తెలుస్తుంది. పోలండ్ క్రీడాకారిణి మోనికా సోచ్కో, రుమేనియాకు చెందిన సబీనా ఫోయిసర్ అన్ని మెట్లూ సమంగా దాటి ఆర్మగెడాన్‌కు వచ్చారు. సోచ్కోవి తెల్లపావులు, కనుక ఆమె గెలిచి తీరాలి. కొట్టుకుని కొట్టుకుని చివరికి బోర్డు మీద ఇద్దరికీ ఒక్కో రాజు, ఒక్కో గుర్రం మిగిలాయి. బంట్లు లేవు. మామూలుగా ఇలాంటి స్థితి వస్తే చేతులు కలిపి లేచిపోతారు. వీళ్లు ఆపకుండా గడియారం కొడుతూనే ఉన్నారు. ఫోయిసర్ సమయం ముందు అయిపోయింది. ఆ పావులతో ఎవరూ గెలవలేరు గనక ఇది డ్రా అని నిర్వాహకుడు తీర్పు చెప్పాడు. అంటే ఫోయిసర్ పైరౌండుకు వెళ్లినట్టు. సోచ్కో అప్పీలు చేసింది. ఎదుటివాళ్లు కావాలని తప్పుడు ఎత్తులు వేస్తే గుర్రానికి గుర్రం ఉన్నా రాజును కట్టడి చేయవచ్చు, నిబంధన ప్రకారం అలాంటి అవకాశం ఏ మూలన ఉన్నా సమయం అయిపోయినవాళ్లు ఓడినట్టే అని ఆమె వాదన. అప్పీలు కమిటీ ఒప్పుకుని తీర్పు తిరగేసింది. నిబంధన ప్రకారం అది సరైన నిర్ణయమే, అందులో సందేహం లేదు. ప్రపంచంలో అందరికంటే బాగా చదరంగం ఆడేది ఎవరు అనే ప్రశ్నకూ, ఆ గది లోపల ఆ సాయంత్రం జరిగినదానికీ ఉన్న సంబంధం మాత్రం బొత్తిగా సన్నగిల్లింది.

కొంచెం లెక్క వేసి చూద్దాం. ఒక ఆటగత్తెకు ప్రతి రౌండులోనూ నెగ్గే అవకాశం నూటికి 80 ఉందనుకుందాం. ఇది ఎవరికైనా ఎక్కువే. నాలుగు రౌండ్లు దాటి సెమీస్‌లో అడుగుపెట్టే అవకాశం నూటికి 41 అవుతుంది. ఆరూ దాటే అవకాశం 26. కాని చివరి రెండు రౌండ్లలో తగిలేది తనంతటివాళ్లే కాబట్టి అక్కడ సగానికి సగం వేసుకుంటే ఆ 26 కాస్తా 10కి పడిపోతుంది. అంటే అలాంటి క్రీడాకారిణి ఐదు పోటీల్లో రెండుసార్లు సెమీస్‌కు వస్తుంది, పది పోటీలకు ఒకసారి కిరీటం గెలుస్తుంది. రెండేళ్లకొకసారి జరిగే పోటీలో పది అంటే ఇరవై ఏళ్లు. హంపి, హారికల కథలో మొదటి సగం ఈ లెక్కకు దగ్గరగానే ఉంది. రెండో సగం గురించి ఒక మాట ఒప్పుకోవాలి. సెమీస్‌లో సగం-సగం అవకాశం ఉన్నవాళ్లు ఆరుకు ఆరుసార్లు ఓడిపోవడం 64లో ఒక వంతు మాత్రమే జరిగేది. కాబట్టి మొత్తం భారం పద్ధతి మీద వేసి ఊరుకోవడం కుదరదు. ఎదుటివాళ్ల బలం కూడా ఉంది. హంపికి రెండుసార్లు ఎదురైంది చైనా మేటి హౌ యీఫాన్. 2012లో హారికను ఆపింది బల్గేరియాకు చెందిన మాజీ ఛాంపియన్ స్టెఫనోవా. ఆరుసార్లలో మూడుసార్లు మనవాళ్లను ఓడించినవాళ్లే కిరీటం ఎత్తుకెళ్లారు. 2017లో తాన్ జోంగీతో హారిక పోరు ఆర్మగెడాన్ దాకా సాగింది. ఆ ఒక్క ఆట అటు తిరిగి ఉంటే చరిత్ర పుస్తకాల్లో ఆ ఏటి పేరు వేరేగా ఉండేదేమో, ఆట నాణ్యత మాత్రం అంతే ఉండేది.

ఇంతకీ నాకౌట్ లాటరీ అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. లాటరీలో అవే పేర్లు మళ్లీ మళ్లీ రావు. ఇక్కడ వచ్చాయి. అలెగ్జాండ్రా కోస్తెనియుక్ 2001లో ఝు చెన్ చేతిలో ఫైనల్ ఓడి, 2008లో గెలిచింది. స్టెఫనోవా 2004లో గెలిచి, 2012లో ఫైనల్ ఓడింది. హౌ యీఫాన్ పద్నాలుగేళ్ల వయసులో 2008 ఫైనల్ ఆడి, 2010లో పదహారేళ్లకే కిరీటం గెలిచింది. ఆ వయసులో అది గెలిచినవాళ్లు అంతకుముందు లేరు, తర్వాతా లేరు. ఈ పోటీలు గెలిచిన పదిమందిలో ఆరుగురు చైనా వాళ్లు. ఒక దేశం పద్ధతిగా తయారుచేసిన జట్టుకు జల్లెడ ఎలా పట్టం కడుతుందో అందులో కనిపిస్తుంది. అయితే కొసమెరుపు ఒకటి ఉంది. 2000, 2001, 2004, 2006, 2008, 2010, 2012, 2015, 2017, 2018 - పది నాకౌట్ పోటీలు, పదిమంది వేర్వేరు విజేతలు. ఒక్కరూ రెండోసారి గెలవలేదు. అంతకుముందు 1927 నుంచి 1999 దాకా డెబ్బై రెండేళ్లలో ఛాంపియన్లు మొత్తం ఎనిమిది మందే. కిందిమెట్లలో స్థిరంగా అవే ముఖాలు, పైమెట్టు మీద ప్రతిసారీ కొత్త ముఖం. జల్లెడ చేయగలిగింది చక్కగా చేసిందనడానికీ, చేయలేనిది చేయమన్నారనడానికీ ఈ ఒక్క పోలిక చాలు.

అసలు సాక్ష్యం ఫిడే తనంతట తనే సమకూర్చింది. 2010 తర్వాత కొన్నాళ్లు విచిత్రమైన ఏర్పాటు నడిచింది. ఒకసారి నాకౌట్, మరోసారి మ్యాచ్. నాకౌట్‌లో కిరీటం గెలిచినామె, రెండేళ్ల పాటు సాగే గ్రాండ్ ప్రి టోర్నమెంట్లలో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నామెతో పది ఆటల మ్యాచ్ ఆడాలి. రెండు కొలమానాలనూ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు చరిత్రలో అరుదుగా దొరుకుతుంది, ఇక్కడ దొరికింది. 2012లో అన్నా ఉషెనినా కిరీటం గెలిచింది. అప్పటికి ఆమెకు గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా లేదు, ఆ విజయంతోనే వచ్చింది. మరుసటి ఏడాది తైజౌలో హౌ యీఫాన్ ఆమెను 5½–1½ తేడాతో ఓడించింది, పదో ఆట దాకా వెళ్లనేలేదు. 2015లో మరియా ముజిచుక్ కిరీటం గెలిచింది. 2016లో ఆమె సొంత గడ్డ ల్వీవ్‌లోనే హౌ 6–3 తేడాతో గెలిచింది, ఒక్క ఆటా ఓడలేదు. 2017లో తాన్ జోంగీ కిరీటం గెలిచింది. 2018 మేలో జు వెన్‌జున్ ఆమెను 5½–4½ తేడాతో ఓడించింది. ఈ చివరిది హోరాహోరీగా సాగింది, నిజమే. అయినా మూడుకు మూడుసార్లు నాకౌట్ రాణి, గ్రాండ్ ప్రి విజేత ముందు నిలవలేదు. 2011లో మాత్రం నాకౌట్ ఛాంపియన్ నెగ్గిందని ఎవరైనా గుర్తుచేయవచ్చు. అప్పుడు ఛాంపియన్ హౌ యీఫాన్. గ్రాండ్ ప్రి మొదటి స్థానమూ ఆమెదే! అందుకే రెండో స్థానంలో ఉన్న హంపికి సవాలు విసిరే అవకాశం వచ్చింది. తిరానాలో ఆ మ్యాచ్ 5½–2½ తో ముగిసింది. హంపి మూడు ఓడి, అయిదు డ్రా చేసుకుంది, ఒక్కటీ గెలవలేదు. తక్కెడలో కూర్చుంటే మనవాళ్లే తూగేవాళ్లని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదని ఈ ఫలితమే చెబుతుంది. కూర్చున్న ఒక్కసారీ హంపి తేలికైంది. కాని ఎంత తేలికైందో, ఎవరితో పోలిస్తే తేలికైందో మనకు కచ్చితంగా తెలిసింది. నాకౌట్ ఓటమి ఆ సంగతి ఎప్పుడూ చెప్పదు.

ఈ పద్ధతి వల్ల ఎక్కువ నష్టపోయినవాళ్ల పేరు చెప్పమంటే నేను ముందు చెప్పేది హౌ యీఫాన్ పేరే. 2012లో ఛాంపియన్‌గా ఖాంతీ మాన్సిస్క్ వెళ్లింది. రెండో రౌండులో, నాల్చిక్ గుర్రాల పోరులో బయటపడిన అదే సోచ్కో చేతిలో ఓడింది. రెండు సుదీర్ఘ ఆటలు, కాసిన్ని వేగపు ఆటలు, అంతే, కిరీటం పోయింది. అదే రౌండులో హంపీ ఇంటిదారి పట్టింది. తైజౌలో కిరీటం తిరిగి తెచ్చుకున్న హౌ, 2015 సోచి పోటీకి ముందే ఒప్పుకున్న వేరే ఆట ఉండి వెళ్లలేదు. ఒక్క ఎత్తు కూడా వేయకుండా ప్రపంచ ఛాంపియన్ మాజీ ఛాంపియన్ అయిపోయింది. ల్వీవ్‌లో మళ్లీ గెలిచాక, ఈ ఏర్పాటు తనకు సమ్మతం కాదంటూ ఆమె మహిళల కిరీటపు పోటీల నుంచే తప్పుకుంది. తన తరంలో అందరికంటే మెరుగైన మహిళా క్రీడాకారిణి ఆడనని చెప్పి వెళ్లిపోయిన పోటీకి ప్రపంచ ఛాంపియన్‌షిప్ అని పేరు పెట్టుకోవడం ఫిడేకు ఇబ్బందిగా అనిపించే ఉండాలి. తర్వాత జు వెన్‌జున్‌కు జరిగింది ఇంకా విడ్డూరం. 2018 మేలో మ్యాచ్ గెలిచి ఛాంపియన్ అయింది, నవంబరులో మళ్లీ 64 మందిలో ఒకరిగా మొదటి రౌండు నుంచి ఆడాల్సి వచ్చింది. గెలిచింది కూడా, కాత్యా లాగ్నోతో ఫైనల్ టైబ్రేక్ దాకా వెళ్లి. మంచి క్రీడాకారిణి అయితే జల్లెడలోనూ నెగ్గుకురాగలదు కదా అనడానికి ఈ ఉదాహరణ చూపిస్తారు. నెగ్గుకురాగలదు, నిజమే, 2000లో షీ జున్ కూడా నెగ్గుకొచ్చింది. నేను చెప్పిన లెక్కలోనే పదింట ఒక వంతో, నాలుగింట ఒక వంతో ఆ చోటు ఉంది. ఆరు నెలల్లో ఒకే కిరీటాన్ని రెండుసార్లు గెలవాల్సి రావడం మాత్రం ఏ లెక్కకూ అందదు.

నాకౌట్‌ను సమర్థించేవాళ్లు టెన్నిస్‌ను చూపిస్తారు. వింబుల్డన్ నాకౌటే, ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు చివర్లో నాకౌటే, అక్కడ ఎవరూ గొడవ చేయరు కదా అని. టెన్నిస్‌లో ఏటా నాలుగు పెద్ద టోర్నీలుంటాయి. ఒకటి పోతే మరొకటి. పైగా వింబుల్డన్ గెలిచినామెను ఎవరూ ప్రపంచ ఛాంపియన్ అనరు, వింబుల్డన్ ఛాంపియన్ అంటారు. ఎవరు మొదటి ర్యాంకో ఏడాది పొడవునా వేరే లెక్క చెబుతుంది. చదరంగంలో ఉన్నది ఒకటే కిరీటం, దానికి రెండేళ్లకొకసారి ఒకటే తలుపు. ఆ తలుపు ఎక్కడ తెరుస్తారో దాన్నిబట్టి కొందరికి అది మూసుకుపోయేది. 2008 ఆగస్టులో రష్యా, జార్జియా యుద్ధం చేసుకున్నాయి. ఆ వెంటనే రష్యాలోని నాల్చిక్‌లో పోటీ. మాజీ ఛాంపియన్ మయా చిబుర్దనిద్జే సహా జార్జియా నుంచి పలువురు వెళ్లలేదు. మహిళల చదరంగానికి పుట్టిల్లు లాంటి దేశం నుంచి ఇంతమంది లేకుండానే ప్రపంచ ఛాంపియన్‌ను ఎన్నుకున్నారు. 2017లో టెహ్రాన్‌లో ఆడేవాళ్లు తలకు ముసుగు వేసుకోవాలన్నారు, అమెరికా ఛాంపియన్ నాజీ పైకిద్జే ఆడనంది. డబ్బు పెట్టే ఊరికి పోటీ ఇవ్వక తప్పదు, ఆ ఊరు అందరికీ నప్పాలనీ లేదు. ఒకే పోటీ మీద కిరీటం వేలాడకుండా ఉంటే ఈ గైర్హాజరులు ఇంత బరువుగా ఉండేవి కావు. టైబ్రేక్ మాటా అంతే. టెన్నిస్‌లో అయిదో సెట్ కూడా టెన్నిసే. ఇక్కడ గంటల తరబడి ఆలోచించి ఆడే ఆటగా మొదలై నిమిషాల్లో ముగిసే ఆటగా మారిపోతుంది.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. పాత మ్యాచ్ పద్ధతి కోటగోడ లాంటిదనీ, 1950 నుంచి 1991 దాకా కిరీటం సోవియట్ యూనియన్ పొలిమేర దాటలేదనీ, బల్గేరియా అమ్మాయికీ, పదహారేళ్ల చైనా పిల్లకూ దారి తెరిచింది నాకౌటేననీ అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. 64 మందికి పిలుపు వెళ్లడం వల్ల ఎన్నో దేశాల అమ్మాయిలు పెద్దవాళ్లతో ఆడారు, ఎంతో కొంత సొమ్ము చూశారు. హంపికి పదిహేడేళ్లకే సెమీస్ ఆడే చోటు దొరికింది అందువల్లే. కాని సోవియట్ ఆధిపత్యానికి కారణం మ్యాచ్ పద్ధతి కాదు, ఆ దేశపు చదరంగ బడులు. ఆ ఆధిపత్యాన్ని బద్దలుకొట్టింది కూడా మ్యాచే. 1991లో మనీలాలో షీ జున్ చిబుర్దనిద్జేను ఓడించినప్పుడు నాకౌట్ ఊసే లేదు. మ్యాచ్‌లో చిన్నవాళ్లకు చోటుండదనడమూ కుదరదు. చిబుర్దనిద్జే 1978లో గప్రిందాష్విలిని దించినప్పుడు ఆమెకు పదిహేడేళ్లు. ఒక్క విషయంలో మాత్రం నాకౌట్ పక్షానికి మార్కు వేయాలి. 1999లో బాలింత అయిన ఛాంపియన్‌కు వాయిదా ఇవ్వలేక కిరీటం లాక్కుంది మ్యాచ్ పద్ధతి నడిపినవాళ్లే. 2006లో యెకాతెరిన్‌బర్గ్‌లో గర్భవతిగా ఉన్న షు యుహువా ఆరు రౌండ్లు ఆడి, ఫైనల్లో గల్యామోవాను ఓడించి ఛాంపియన్ అయింది. మూడు వారాల్లో తేలిపోయే పోటీ అందుకు కొంత వీలిచ్చింది. అయితే పోల్గార్ విషయంలో లోపం మ్యాచ్‌లో కంటే దాన్ని నడిపిన తీరులో ఉంది. కొన్ని నెలలు ఆగితే పోయేది.

మరి పద్ధతి తప్పని తెలిసీ ఎందుకు కొనసాగించారు? తెలియక కాదు. పురుషుల నాకౌట్‌లో 1999లో ఖలీఫ్మన్, 2002లో పద్దెనిమిదేళ్ల పొనమర్యోవ్, 2004లో కసీమ్‌జానోవ్ ఛాంపియన్లయ్యారు. 1998లో మరీ అన్యాయం, అంతకుముందు డిసెంబరులో గ్రోనింగెన్‌లో రౌండు మీద రౌండు ఆడి వచ్చిన విశ్వనాథన్ ఆనంద్‌ను, నేరుగా ఫైనల్లో కూర్చోబెట్టిన అప్పటి ఫిడే ఛాంపియన్ కార్పోవ్ ముందుకు కొత్త సంవత్సరం రెండో రోజునే పంపారు. చదరంగ లోకం ఆ ఛాంపియన్లను ఒప్పుకోలేదు. కాస్పరోవ్, క్రామ్నిక్ లాంటి మేటి ఆటగాళ్లు బయట ఉండగా ఒప్పుకోవడం కష్టం కూడా. 2005లో ఫిడే వెనక్కి తగ్గింది. శాన్ లూయిస్‌లో ఎనిమిది మందిని అందరితో అందరినీ ఆడించింది. నాకౌట్‌కు ప్రపంచ కప్పు అని పేరు పెట్టి, అర్హత పోటీ స్థాయికి దించింది. మహిళల విషయంలో ఇదే పని జరగడానికి ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది. నాకు తోచే కారణం ఒకటే. పురుషుల కిరీటానికి బయట పోటీదారు ఉండేవాడు, విలువ తగ్గితే ఫిడే దుకాణం ఖాళీ అవుతుంది. మహిళల కిరీటానికి అలాంటి బెదిరింపు లేదు. ఎనిమిది మందితో క్యాండిడేట్స్ అనే అర్హత పోటీ, ఆపైన మ్యాచ్, వాటికి రెండు వేర్వేరు నిధులు వెతకడం కంటే ఒకే పోటీతో పని కానిచ్చేయడం చవక. చవకైన దారి దొరికాక, అడిగేవాళ్లు లేనప్పుడు, ఎవరూ ఖరీదైన దారి పట్టరు.

2018లో ఫిడే నాయకత్వం మారింది, ఆ ఏడాది చివరి పోటీతో నాకౌట్ కిరీటం ముగిసింది. 2019లో కజాన్‌లో ఎనిమిది మంది రెండేసిసార్లు తలపడే క్యాండిడేట్స్ జరిగింది. అలెగ్జాండ్రా గొర్యాచ్‌కినా గెలిచి 2020 ఆరంభంలో జు వెన్‌జున్‌తో మ్యాచ్ ఆడింది. నాకౌట్ 2021లో మహిళల ప్రపంచ కప్పుగా మళ్లీ పుట్టింది. సోచిలో కోస్తెనియుక్, 2023లో బాకూలో గొర్యాచ్‌కినా గెలిచారు. ఇప్పుడు అది కిరీటం ఇవ్వదు, క్యాండిడేట్స్‌కు దారి ఇస్తుంది. జల్లెడ జల్లెడ పని చేస్తుంది. దాని ఫలితం 2025 జులైలో జార్జియా తీరపట్టణం బతూమిలో కనబడింది. 107 మంది ఆడిన ఆ కప్పులో క్వార్టర్ ఫైనల్స్ ఆడిన ఎనిమిది మందిలో నలుగురు భారతీయులు. హంపి, హారిక, వైశాలి, దివ్యా దేశ్‌ముఖ్. పంతొమ్మిదేళ్ల దివ్య క్వార్టర్స్‌లో హారికను టైబ్రేక్‌లోనూ, సెమీస్‌లో మాజీ ఛాంపియన్ తాన్ జోంగీనీ దాటి ఫైనల్‌కు వచ్చింది. అవతలి నుంచి ముప్పై ఎనిమిదేళ్ల హంపి లేయి తింగ్జీని ఓడించి వచ్చింది. ఎలిస్తాలో సెమీస్ ఓడిన ఇరవై ఒక్కేళ్లకు ఈ మెట్టు దాటింది. రెండు సుదీర్ఘ ఆటలూ డ్రా. టైబ్రేక్‌లో మొదటి ర్యాపిడ్ ఆటా డ్రా. రెండో ఆటలో తెల్లపావులు హంపివే, కానీ గడియారం తరుముతుండగా తడబడి ఓడింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. అప్పటికి ర్యాపిడ్‌లో ప్రపంచ ఛాంపియన్ హంపి. ఏడు నెలల కిందటే న్యూయార్క్‌లో ఆ పట్టాన్ని రెండోసారి గెలిచింది. వేగంగా ఆడటమూ ఒక నైపుణ్యమే, టైబ్రేక్ దాన్నే కొలుస్తుంది అని వాదించేవాళ్లకు దీనికంటే మంచి జవాబు ఉండదు. రెండు ఆటల్లో ఆ నైపుణ్యాన్నీ కొలవలేం.

దివ్యకు కప్పు, 50 వేల డాలర్లు, ఆ విజయంతో నేరుగా గ్రాండ్‌మాస్టర్ హోదా దక్కాయి. హంపికి 35 వేల డాలర్లు. మూడో స్థానంలో నిలిచిన తాన్‌తో కలిపి ముగ్గురికీ క్యాండిడేట్స్‌లో చోటు. ఇదే పోటీ 2017లో జరిగి ఉంటే దివ్య ప్రపంచ ఛాంపియన్ అయ్యేది. హంపి ఓటమి మీద ఇంకో పదేళ్లు మాట్లాడుకునేవాళ్లం. అంతకు మూడు నెలల ముందు ఏప్రిల్‌లో తాన్ జోంగీని 6½–2½ తేడాతో ఓడించి కిరీటం నిలుపుకున్న జు వెన్‌జున్ పరిస్థితి ఏమయ్యేదో చెప్పలేం. బతూమి తర్వాత కూడా ఆ కిరీటం ఆమె దగ్గరే ఉండిపోయింది. దాన్ని అడగాలంటే దివ్య అయినా హంపి అయినా ముందు క్యాండిడేట్స్‌లో పద్నాలుగు ఆటలు ఆడి మొదటి స్థానంలో నిలవాల్సి ఉండింది, ఆ పైన జుతో పన్నెండు ఆటల మ్యాచ్‌కు కూర్చోవాల్సి ఉండింది.